పిలవని చుట్టం

టీచరమ్మ కంప్యూటర్లోకి దూరడం అతనికి చిటికెలో పనైపోయింది. "మీకు కొరియర్ వచ్చింది, చిరునామా సరిచూసుకోండి" అని ఒక దొంగ మెయిలు పంపాడు. ఆవిడ వెంటనే నొక్కింది. అతని ప్రోగ్రాం లోపల సెటిలైపోయింది. ఇక ఆవిడ బ్యాంకు పాస్‌వర్డు టైపు చెయ్యడమే తరువాయి.

ఈ వృత్తిలోవాళ్లు అతన్ని 'చుట్టం' అంటారు. పిలవకపోయినా ఎవరింట్లోకైనా దూరి, ఉన్నదంతా ఊడ్చుకుపోతాడని. రిటైరైన లెక్కల టీచర్లంటే అతనికి ప్రత్యేకమైన అభిమానం. వాళ్లు జీవితమంతా పిల్లల్ని అనుమానించి అలిసిపోయి ఉంటారని అతని నమ్మకం.

కానీ ఆ ఉదయం చుట్టం తల పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ ఒక అక్షరం నొక్కితే, అది అతనికి చేరేలోపు టీ తాగి కప్పు కడిగి రావచ్చు. విసుగెత్తి లోపలంతా వెతికాడు. తీరా చూస్తే, అది కంప్యూటరు కాదు, దొంగల సత్రం! ఒకడి ప్రోగ్రాం ప్రకటనలు గుమ్మరిస్తోంది. ఇంకొకడిది యంత్రం బలమంతా పీల్చి వాడి కోసం డిజిటల్ నాణేలు తయారు చేస్తోంది. మరొకటి వైరస్‌లు పట్టే వేషం వేసుకుని, "ప్రమాదం! ప్రమాదం!" అని గుండెలు బాదుకుంటోంది.

"ఛీ! ఒంటరి ఆడమనిషి ఇంట్లో ఇంతమంది దొంగలా? మనుషులకి సిగ్గూ శరం లేకుండా పోయింది," అని నిజంగానే బాధపడ్డాడు చుట్టం.

వాటన్నిటినీ గెంటేస్తే తప్ప తన పని సాగదు. ఇక్కడి నుంచి తనే తీసేద్దామంటే ఆ నత్తనడక యంత్రం మాట వినడం లేదు. గత్యంతరం లేక ఆవిడకి ఫోన్ చేశాడు.

"నమస్కారమమ్మా, కంప్యూటర్ సర్వీసు సెంటర్ నుంచి. మీది నెమ్మదిగా ఉందని మాకు తెలిసింది. ఉచితంగా బాగు చేయిస్తాను."

"చల్లగా ఉండు నాయనా! దాంతో ప్రాణం విసిగిపోతోంది. ఏం చెయ్యాలో చెప్పు, నేను నొక్కుతాను."

ముందు ఇంటర్నెట్ తీయించాడు. అనవసరమైనవేవీ లేవకుండా సేఫ్ మోడ్‌లో తెరిపించాడు. ప్రోగ్రాముల పేర్లు ఒక్కొక్కటే చదివించాడు. కంప్యూటర్ తెరవగానే వాటంతటవే లేచి కూర్చునేవాటిని ఆపించాడు. బ్రౌజర్‌కి అతుక్కున్న చెత్త పీకించాడు.

"ఆగు బాబూ. ఇది తీసెయ్యొచ్చని నాకెలా తెలుస్తుంది?"

"మీరు పెట్టుకోనిది, ఎవరు పెట్టారో తెలియనిది ఏదైనా దొంగదేనమ్మా. జాలి పడకూడదు."

తన ప్రోగ్రాం పేరు ఆవిడ చదివేసరికి మాత్రం చుట్టం గొంతు మెత్తబడింది. "అది ఉండనివ్వండి. అది కాపలాకి."

"అలాగే నాయనా."

ఆ తర్వాత అసలైన యాంటీవైరస్‌తో మూలమూలలా స్కాన్ చేయించాడు. భోజనం కూడా మానేశాడు. "అక్షరాలు కాస్త పెద్దవి చేద్దూ" అంటే చేయించాడు. "ఆ ప్రింటర్ సంగతీ చూద్దూ" అంటే పళ్లు నూరుకుంటూ అదీ చూశాడు. సాయంత్రానికి కంప్యూటర్ లేడిపిల్లలా పరుగెత్తింది. జీవితంలో మొదటిసారి ఒళ్లొంచి నిజాయితీగా పనిచేసినందుకు అతనికి నడుం పట్టేసింది.

ఇంటర్నెట్ మళ్లీ పెట్టించి, ఫోన్ పెట్టేసి, చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ తెర అతని ముందు నిగనిగలాడుతూ ప్రత్యక్షమైంది. బాణం గుర్తు చకచకా కదిలింది. అంతలో అంతా నల్లబడింది. ఎంత తట్టినా తలుపు తెరుచుకోలేదు.

ఏం పొరపాటు జరిగిందో తెలియక బుర్ర గోక్కుంటుండగా ఫోన్ మోగింది. ఎవరో కొత్త ఆడగొంతు.

"బాబూ, నేను టీచరుగారి ఆడపడుచుని. నీ నంబరు మా వదినే ఇచ్చింది."

"చెప్పండమ్మా," అన్నాడు నీరసంగా.

"పోయినేడాది దొరికిన దొంగకంటే నువ్వే ఓపిగ్గా నేర్పావట, ఆఖర్న నువ్వు పెట్టిన ఆ కాపలాది కూడా తనే పీకి పారేసిందట... మా కంప్యూటరూ మూలుగుతోంది, ఆ కొరియర్ మెయిలేదో మాకూ ఒకటి పంపు బాబూ, వెంటనే నొక్కుతాను!"