మొదటి ఆశయం

“ఆ మొదటిది కొట్టెయ్‌రా!”

కురిచేడులో రైలెక్కి, మార్కాపురంలో దిగి, నేరుగా హాల్లోకి వచ్చి అరిచింది లక్ష్మీనరసమ్మ.

వేదిక మీద ఎరువుల దుకాణం కోటేశ్వర్లు కాగితం పట్టుకుని ఆగిపోయాడు. ఆ ఉదయమే మొదలైన ‘పడమటి ప్రకాశం పుట్టుక లోపాల అధ్యయన సంఘం’ అధ్యక్షుడు ఆయనే. సంఘం ఇంకా కళ్ళు తెరవలేదు, అప్పుడే సొంత అక్క వచ్చింది.

“అక్కా, ఇది సైన్సు మీటింగు.”

“ఏదీ, ఇంకోసారి చదువు ఆ సైన్సు.”

కోటేశ్వర్లు గొంతు సవరించుకున్నాడు. “ఆశయం ఒకటి. దగ్గరి రక్తంలో, అంటే మేనత్త కొడుకుల్లాంటోళ్ళకి, పిల్లనియ్యరాదు.” రక్తం అని ఊరుకుంటే జనానికి అర్థం కాదని ఆ ముక్క తనే చేర్చాడు.

“నీ కూతురు కన్యకని నా కొడుక్కిస్తానని ఉయ్యాల్లో వేసిన్నాడే చెప్పినావు గదరా! అప్పుడు లేని రక్తం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?”

“అప్పుడు నాకు సైన్సు తెలీదు.”

“మా రమేష్‌కి డీఎస్సీలో ఉద్యోగం రాలేదని చెప్పు. సైన్సు మీదికి నెట్టమాకు.”

ఉప్మా కోసం ఎదురుచూస్తున్న సభ్యులు హాయిగా నవ్వారు. ముఖ్య అతిథి, పిల్లల డాక్టరు విజయ లేచి నిలబడింది. ఆ హాల్లో ఆశయాల కోసం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

“అమ్మా, దగ్గరి సంబంధాల్లో పుట్టే పిల్లలకి లోపాలొచ్చే ప్రమాదం ఎక్కువ. అందరికీ వస్తాయని కాదు...”

“మా నాయన మా అమ్మకి సొంత మేనమామ డాక్టరమ్మా. మాకేం లోపమొచ్చింది?”

“నీ నోటి సంగతేంది మరి?” అన్నాడు కోటేశ్వర్లు, మైకులోనే.

“నా నోరు సరే, నీ మాట సంగతేందిరా? పుట్టుకతోనే లేదా, మధ్యలో పోయిందా?”

“మేనమామ అంటే ఇంకా దగ్గరమ్మా,” డాక్టరు వదల్లేదు. “మేనత్త కొడుకు కంటే కూడా...”

కోటేశ్వర్లు మైకు మీద రెండుసార్లు తట్టి, సరిగ్గా పనిచెయ్యట్లేదని కట్టేశాడు.

లోపాలతో పుట్టిన పిల్లల వివరాలు సేకరించడం, కొత్తగా పెళ్ళైన ఆడపిల్లలకు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు పంచడం వంటి మిగతా ఆశయాలు ఎవరూ వినకుండానే ఆమోదం పొందాయి. బిళ్ళలు సరఫరా చేసేది కోశాధికారి ఉమేష్, గిద్దలూరులో మెడికల్ షాపు. మొదటి ఆశయానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది కూడా అతనే. సైన్సు మీద గౌరవంతో పట్టుపంచె కట్టుకొచ్చాడు.

“సంఘానికి ఒక క్రమశిక్షణ...” అన్నాడతను.

“నువ్వు పోయి బిళ్ళలమ్ముకో.” లక్ష్మీనరసమ్మ కుర్చీలో కూలబడింది. “నా కొడుకు నోట్లో మన్ను కొట్టినారు. పిల్లేది? దాన్నే అడుగుతా.”

“బ్యూటీపార్లరుకి పోయింది వదినా,” అంది కోటేశ్వర్లు భార్య మహాలక్ష్మి.

“సైన్సుకా?”

లక్ష్మీనరసమ్మ అప్పుడు చుట్టూ చూసింది. వేదికకు చామంతి దండలు. మూలల్లో అరటి పిలకలు. బల్ల కింద తాంబూలం సంచులు.

“నిశ్చితార్థమా! నాతో ఒక్క మాట చెప్పకుండానా!”

“హాలు సాయంత్రం దాకా మనదే గదా వదినా. ఒక్క బాడిగలో రెండూ అయిపోతాయని...”

డాక్టరు విజయ మొహం వెలిగిపోయింది. “ఎంత మంచి పని చేశారు! ఆశయాన్ని సొంతింట్లోనే మొదలుపెట్టారు. అబ్బాయిది పూర్తిగా బయటి సంబంధమే కదా?”

“అయ్యో, బయటోళ్ళకి పిల్లనెట్లిస్తాం డాక్టరమ్మా!” మహాలక్ష్మి వంగి ఉమేష్ పట్టుపంచె కుచ్చిళ్ళు సరిచేసింది. “వీడు నా సొంత తమ్ముడు.”