తాగడానికి పనికిరాదు

“సంతకం పెట్టండి అత్తయ్యా! గడువు ఇవాళే. ఐదింటికి పంచాయతీ ఆఫీసు మూసేస్తారు,” అంటూ కోడలు దరఖాస్తు కాగితం, పెన్ను అందించింది.

ఇంట్లో నీళ్లు శుద్ధిచేసే మిషన్ పెట్టించుకుంటే రెండేళ్లు ఇంటిపన్ను మాఫీ. ఆ రాయితీ లేకుండా మిషన్ కొనడం కోడలి కుట్టుపని సంపాదనతో అయ్యే పని కాదు. ఇల్లేమో అత్తగారి పేర ఉంది.

“మా బావి నీళ్లకేం రోగం? నేను పెట్టను,” అంది అత్తగారు.

“మీ అబ్బాయి కిడ్నీలు పాడై కన్నుమూసి ఇంకా ఏడాది కాలేదు. ఇప్పుడు పాపకీ కాళ్లు వాస్తున్నాయి. ఆ నీళ్లు మానమని డాక్టరు నెత్తీనోరూ కొట్టుకుంటున్నాడు. మీ పంతానికి దాన్ని కూడా చంపుకుందామా?” కోడలు ఏడుస్తూ ఆవిడ కాళ్లు పట్టేసుకుంది.

అత్తగారు కాగితంలో ఒక వరుస మీద వేలు పెట్టింది. ‘మా బావి నీరు తాగడానికి పనికిరాదని ధ్రువీకరిస్తున్నాను.’

“పాలు మానిన దగ్గర్నుంచీ వాడికి ఈ నీళ్లే పట్టాను. దీని కింద సంతకం పెడితే, వాణ్ణి నేనే చంపుకున్నానని ఒప్పుకున్నట్టు కాదటే?”

కోడలికి మొండిమనిషని ఇన్నాళ్లూ తాను విసిరిన మాటలన్నీ గుర్తొచ్చాయి.

“పెళ్లయ్యాక రోజూ గ్లాసు అందించింది నేనే కదా అత్తయ్యా,” అంది. “మనిద్దరికీ తెలీదు.”

అత్తగారు ఆమె ముఖంలోకి చూసింది. పెన్ను తీసుకుంది. సంతకం వంకరపోయింది.

“పద, నేనూ వస్తాను. ఇది చెల్లదంటే వాళ్ల ముందే మళ్లీ పెడతాను,” అంటూ చెప్పులు వెతుక్కుంది.