ఒక్క గంట గడువు

“తాళంచెవి ఇస్తావా, ఇవ్వవా? తేల్చి చెప్పు బావా!”

కాలువకి ఇవతలి గట్టున నిలబడి అరిచాడు కాలువ కాపలా చూసే లస్కరు. ఐదు రోజుల ముసురుకి అతని చేనూ, నారుమడీ, ఊళ్లో రెండొందల ఎకరాలూ నీటి కింద ఉన్నాయి. ఆ నీరు దిగాలంటే సరిహద్దు కాలువ మీదున్న షట్టరు ఎత్తాలి. దానికి రెండు రాష్ట్రాలూ చెరో తాళం బిగించాయి. ఒకదాని చెవి ఇతని బొడ్లో ఉంది. రెండోది అవతలి లస్కరు దగ్గరుంది. ఒకే తలుపుకి కాపలా కాస్తున్నందుకు బావా అని పిలుచుకుంటారే తప్ప ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు.

“మా ఆఫీసు కాగితం రాలేదు బావా,” అన్నాడు అవతలి లస్కరు తన గట్టు మీంచి.

“కాగితమా! రెండు రాష్ట్రాల కమిటీ ఏడుసార్లు కూర్చుంది. ఏడుసార్లూ టీ తాగి లేచింది. వాళ్లు తేల్చేలోపు నా చేను కుళ్లి ఎరువైపోతుంది!”

“మా వైపు కాలువకి పూడిక తియ్యలేదుగా. ఇప్పుడెత్తితే దిగువ మడులు మునుగుతాయి.”

“ఎన్ని మడులు? రెండా, మూడా? మా ఆవిడ పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదు బావా. చేనుకేసి చూస్తూ అలా కూర్చుండిపోయింది.”

అవతలివాడు తలగుడ్డ విప్పి నీళ్లు పిండాడు.

“ఒక్క గంట గడువియ్యి,” అని గట్టు దిగి వెళ్లిపోయాడు.

గంటట గంట! ఇల్లు కాలుతుంటే బావి తవ్వుతానన్నట్టుంది. లస్కరుకి ఒళ్లు మండిపోయింది. గోనెసంచి నెత్తిన కప్పుకుని తడి గట్టు మీద చతికిలబడ్డాడు. ఈపాటికి తలుపేసుకుని పడుకునుంటాడు, అవసరానికి తెలుస్తుంది ఎవరు ఏపాటివాళ్లో అనుకున్నాడు. నిజానికి కోపం కన్నా బెంగే ఎక్కువగా ఉంది. నీరు దిగినా మాత్రం, ఐదు రోజులు మునిగిన చేను బతుకుతుందా? మళ్లీ నాటాలంటే గుప్పెడు నారు లేదు.

గంటన్నరకి వచ్చాడు బావ. మోకాళ్ల దాకా బురద. వేళ్లు నాని తెల్లగా పాలిపోయాయి.

“ఎక్కడ దొర్లొచ్చావు?” అన్నాడు లస్కరు.

బావ తిన్నగా వచ్చి తన తాళం తీశాడు.

“మరి మీ కాగితం?”

“వచ్చినప్పుడు చదువుకుందాంలే. ముందు నీది తియ్యి.”

ఇద్దరూ చెరో పక్కా పట్టి చక్రం తిప్పారు. షట్టరు మూలుగుతూ లేచింది. మురుగంతా హోరుమని అటు దూకింది. లస్కరు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలోనే దిగువన ఓ మడి చూస్తుండగానే మాయమైపోయింది.

“పాపం, ఎవరిది బావా అది?”

“నాదే. ఈ ఏడే కౌలుకి తీసుకున్నా.”

లస్కరు చేతులు చక్రం మీదే ఆగిపోయాయి. “ముందే చెప్పొద్దా? ఇంకో గంట ఆగేవాణ్ణి కదా! మునిగిపోయే మడిలో ఇంతసేపూ ఏం చేశావు?”

బావ చేతుల బురద కాలువలో కడుక్కున్నాడు.

“నారంతా పీకి కట్టలు కట్టాం. వంతెన మీద పెట్టి వచ్చాను. నీళ్లు దిగగానే మీ చేలో నాటెయ్యమని చెల్లెమ్మకి చెప్పు.”