అరగదీసిన అంగిలి

"ఇది వాడకంలో అరిగింది కాదమ్మా, ఎవరో కావాలనే ఆకురాయితో అరగదీశారు," అంది డాక్టరమ్మ, నోట్లో పెట్టుకునే అంగిలి ప్లేటును లైటు కింద తిప్పి చూస్తూ.

పుట్టుకతోనే అంగిలి చీలిన ఆ అమ్మాయికి మాట స్పష్టంగా వచ్చేది కొన్ని నెలల కిందట పెట్టించుకున్న ఆ ప్లేటుతోనే. ఇవాళ బస్టాండులో అనౌన్సర్ ఉద్యోగానికి మైకు ముందు నిలబడితే, గాలంతా ముక్కులోంచి పోయి, ఒక్క ఊరి పేరూ ఎవరికీ అర్థం కాలేదు. ఉద్యోగం చేజారింది.

ప్లేటు లేని నోటితో ఆమె ఏదో అంది.

"ఏమంటోంది?"

"రాత్రిళ్లు తీసి నీళ్లలో పెడుతుందట. ఇంట్లో ఉండేది మేమిద్దరమేనంటోంది," అన్నాడు పక్కనున్న అన్న. తాళంచెవులు చేసి ఆమెను పెంచింది అతనే. చిన్నప్పట్నుంచీ ఆమె మాటలు అందరికీ విప్పి చెప్పేదీ అతనే.

ఆమె అతనివైపు తిరిగి మరో మాట అంది. అతను తలదించుకున్నాడు.

"ఇప్పుడేమంది?" డాక్టరమ్మ రెట్టించింది.

"'ఆ ఆకురాయి నీదేనా అన్నయ్యా?' అంటోంది."

అతను చెయ్యి పట్టుకోబోతే ఆమె విదిలించుకుంది.

"నాదేనే బుజ్జీ. నేనే అరగదీశాను. ఇన్నాళ్లూ నీ మాట నాకొక్కడికే అర్థమయ్యేది. ఊరందరికీ అర్థమైపోతే ఇక నీకు నేనెందుకే?"