తెల్ల తల కోసం

ఆ పొద్దున ఇంట్లో బాబాయి, పిన్ని, నేను ఉన్నాం. ఉద్యోగం పోయిన బాబాయికి చికాగోలో ఇంటర్వ్యూ. తెల్ల తల ఈగిల్ అనే పెద్ద గద్దే ఈ అమెరికాలో గరుడ పక్షి, బయల్దేరేముందు కనబడితే శుభం అని ఆయన నమ్మకం. అది కనబడితే గానీ ఇల్లు కదలడు. పల్లెలో పెరిగినదాన్ని, పక్షులు తెలుస్తాయని నన్ను చలిలో పెరట్లో నిలబెట్టాడు.

"బాబాయ్, వచ్చింది! చెరువు పక్క చెట్టు మీద వాలింది."

ఆయన తలుపు దగ్గరికి వచ్చాడు. "ఒళ్ళంతా గోధుమ రంగే కదమ్మా. మామూలు గద్ద."

"ఈగిలే. ఇంకా పిల్ల. ఐదేళ్ళు వస్తే గానీ తల తెల్లబడదని మా స్కూల్ బర్డ్ క్లబ్ టీచర్ చెప్పారు."

"అయితే ఐదేళ్ళు ఆగుదాం."

"ఇంటర్వ్యూ వాళ్ళు ఆగరండీ! పోయిన వారం కూడా మీరు ఒకటి ఇలాగే మిస్ చేశారు." పిన్ని కారు తాళాలు అందించబోయింది. ఆయన జేబుల్లోంచి చేతులు తీయలేదు.

అంతలో ఇంకొకటి వచ్చి ఆ పిల్ల ఈగిల్ పక్కన వాలింది. దాని తల తెల్లగా ఉంది.

"అదిగో, తెల్ల తల! ఇక బయల్దేరు బాబాయ్!"

ఆయన దానివైపు చాలాసేపు చూశాడు.

"ఎడమ పక్క నుంచి వచ్చింది. మంచిది కాదు."

నాకు ఏడుపొచ్చింది. ఏ పక్షిని చూపించినా ఈయన వెళ్ళడు.

"నీకు భయంగా ఉందా బాబాయ్?"

ఆయన నా మొహం చూడకుండా అద్దం తలుపు మూసేశాడు.