మూగనోము

“వచ్చే వారం నుంచి నువ్వు తాతగారింటికి వెళ్ళక్కర్లేదమ్మా. కొత్తమ్మాయి వెళ్తుంది,” అంది సేవాక్లబ్బు అధ్యక్షురాలు, మీటింగు అయ్యాక కుర్చీలు మడిచి గోడకి చేరేస్తూ.

మూగనోము మడుస్తున్న కుర్చీ వదిలేసింది.

ఆ పేరు క్లాసు పిల్లలు పెట్టింది. పరాయి దేశంలో ఓ ఏడాది చదువుకుని వెళ్దామని వచ్చిన పిల్ల. భాష రాక కాదు. ఎదుటివాళ్ళు మొహంలోకి చూస్తే చాలు, నోరు పెగలదు. వచ్చిన కొత్తలో సైగలతోనే కాలక్షేపం.

అలాంటి పిల్లకి క్లబ్బువాళ్ళు ఓ పని అప్పగించారు. “పాపం, మన క్లబ్బు తాతగారికి చూపు లేదు. వారానికోసారి వెళ్ళి పుస్తకం చదివి పెట్టు, పుణ్యం ఉంటుంది,” అన్నారు.

వెళ్ళింది. నల్లద్దాలు, చేతికర్ర, కిటికీ పక్కన కుర్చీ. మొదటి రోజు గొంతు వణికింది. ఆ తర్వాత ఎందుకు వణుకుతుంది? చూసేవాళ్ళెవరు గనక! తల దువ్వుకోకుండానే వెళ్ళేది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ఆయన తప్పు దిద్దినప్పుడల్లా నాలుక బయటపెట్టి వెక్కిరించేది. ఇంటి దగ్గర అమ్మకి ఆపరేషన్ అన్న రోజున కన్నీళ్ళు బొటబొటా కారుతున్నా గొంతు మాత్రం చెదరనివ్వలేదు.

“ఇవాళ్టికి చాల్లేమ్మా, నాకూ నిద్రొస్తోంది,” అన్నారు ఆ రోజు తాతగారు.

ఆ దేశంలో ఆమె మనసారా నోరు విప్పేది ఆ ఒక్క గదిలోనే. అదీ ఊడింది.

“నేను బాగా చదవట్లేదని చెప్పారా?” అని తలెత్తకుండానే అధ్యక్షురాలిని అడిగింది.

“అయ్యో, అదేం కాదు. తాతగారే మార్చమన్నారు. క్లబ్బులో అందరికన్నా పాతవారు, ఆయన మాట మేమెవరం కాదంటాం?”

“కొత్తమ్మాయి నాకన్నా బాగా చదువుతుందా?”

“చదవడమా! ఇంతవరకూ ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. అచ్చం నువ్వొచ్చిన కొత్తలోలాగే!”

మాట్లాడని పిల్లని చదవడానికి పంపుతారట. చోద్యం కాకపోతే ఏమిటి? అంటే ఎవరైనా సరే, తను మాత్రం వద్దన్నమాట.

ఒంటికాలి మీద లేచి, తిన్నగా తాతగారింటి మెట్లెక్కింది.

“నన్నొద్దన్నారటగా!”

తాతగారు తల ఇటు తిప్పారు. ఆమె ఆగలేదు.

“క్లాసువాళ్ళంతా విహారయాత్రకి వెళ్తే, మీరు ఎదురుచూస్తుంటారని మానేసి వచ్చాను. మా తాతయ్యకి కూడా చెప్పని సంగతులు మీకు చెప్పాను. అవసరం తీరాక అవతల పారేస్తారా? మనసెలా ఒప్పింది మీకు?”

కూరలో కరివేపాకులా తీసేశారన్న కడుపుమంట అంతా ఆ పరాయి భాషలో ఎక్కడా తడుముకోకుండా వెళ్ళగక్కేసింది.

“భలే దులిపావు తల్లీ! ఒక్క తప్పు లేదు,” తాతగారు నవ్వారు. “నాతో నీకిక పనేముంది చెప్పు?”

ఆ నవ్వుకి ఒళ్ళు మండిపోయింది. “నాకు కాదు, మీకే నాతో పని లేదు. నమ్మడం నాదే బుద్ధి తక్కువ!”

పుస్తకం ఆయన ఒళ్ళో పడేసి, కన్నీళ్ళు కారుతుండగానే గబగబా మెట్లు దిగింది. తను ఏడవడం ఆయన చూడలేదు, అదొక్కటే నయం అనుకుంది.

ఎదురుగానే బస్‌స్టాప్. ఏదో బస్సొచ్చి ఆగింది. ముందూవెనకా చూసుకోకుండా మెట్టు మీద కాలు పెట్టింది.

పైన కిటికీ ధడాలున తెరుచుకుంది. “కళ్ళు తుడుచుకుని చూడు తల్లీ, అది ఎర్ర బస్సు, నీది వెనకాలొచ్చే పచ్చది!” అని తాతగారు కేకేశారు.