ఆరు గాట్ల రామములగ

"వద్దండీ! అది కొయ్యకండీ!"

గుడిసె ముందు వల ఆరేస్తున్న లోవలక్ష్మి కేకపెట్టి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే, ఆ పూటే గోదారి లంకకి కొత్తగా వచ్చిన ఏసమ్మ ముళ్ళకంచె సందులోంచి చెయ్యి పెట్టి ఎర్రటి పండు కోసేసింది. కోయడమేంటి, సగం కొరికేసింది కూడా. రసం గడ్డం మీదుగా కారుతుంటే కళ్ళు మూసుకుని నమిలింది.

"ఇదే! మా దొడ్లో పండే!"

ఇప్పుడు మనం టమాటా అంటున్నదాన్ని ఆ రోజుల్లో రామములగ అనేవారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి పాతికేళ్ళవుతున్నా, జనం ఇంకా ఆ పండుది నెత్తురు రంగని, తింటే విషమని భయపడేవారు. పాలిపోయిన లోవలక్ష్మి ముఖం చూసి ఏసమ్మ నవ్వేసింది.

"చావన్లేమ్మా. మా ఆయన రాజమండ్రి మిషను తోటలో తోటమాలి. దొరగారు ఓడలో తెప్పించిన విత్తనం ఓ చిటికెడు నాకు తెచ్చి పెడితే, పదకొండేళ్ళు మంచి కాయ ఏరి ఏరి ఈ రకం నిలబెట్టాను. గుమ్మడికాయకిలాగా ఆరు గాట్లు చూశావా? తొడిమ కింద పసుపు చుక్క చూశావా? ఇది ఇంకెక్కడా లేదు."

 లోవలక్ష్మి తెడ్డు చెక్కుతున్న మొగుడు సత్తియ్య వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

లంకలో కాస్త మెరకన ఉంది ఆ మడి. ఎంతో లేదు, చాపంత. లంకంతా మేకలు తిరుగుతున్నా కంచె దాపుకి ఒక్కటీ రావడం లేదు. చుట్టూ ఇసకలో గడ్డిపరక లేదు గానీ, మడిలో మాత్రం మొక్కలు నడుమెత్తు లేచి విరగగాశాయి. ఒక్క కాయ కోసిన జాడ లేదు. పండినవి పండినట్టే రాలి అక్కడే కుళ్ళుతున్నాయి.

"అయ్యో, ఇంత కాపూ నేలపాలు చేస్తారా! విత్తనం ఎవరిచ్చారమ్మా మీకు?"

"అది అడక్కండి అమ్మగారూ."

అడక్కు అంటే ఊరుకునే మనిషా? ఏసమ్మది ఉడుంపట్టు. అక్కడే ఇసకలో చతికిలబడి కొంగు ముందుకి లాక్కుంది. అంచున మూడు ముడులు, ఒక్కో ముడికీ బిగించి చుట్టిన ఎర్ర దారం.

"ఊరికే ఇమ్మంటానా? విత్తనానికి విత్తనం, కథకి కథ. ఇది కడియంలో అచ్చాయమ్మగారిది, గుండ్రం కాయ. అత్తగారు విషమని పీకి పారేస్తే పెంటకుప్ప మీద మళ్ళీ మొలిచిందట. ఇది కోరుకొండది, సన్నగా కోలగా కాస్తుంది. కొండెక్కే యాత్రికుడెవరో అరుగు మీద మూట మరిచిపోతే అందులో దొరికిందట. ఈ సామర్లకోటదానికి కథ లేదు. ఇచ్చినాయన మూగవాడు."

లోవలక్ష్మి నవ్వలేదు.

"ఏది కావాలో చెప్పు, నేనే విప్పి ఇస్తాను. ఒకరు కట్టిన విత్తనాల ముడి ఇంకొకరు విప్పకూడదు."

లోవలక్ష్మి చూపు ఎర్ర దారాల మీదే ఆగిపోయింది. "మీ ఊళ్ళో అందరూ ఇలాగే దారం చుడతారాండి?"

"అందరూ ఎందుకు చుడతారు? నేను చుడతాను, నా కూతురు రూతు చుడుతుంది. అంతే."

కూతురి పేరు వచ్చేసరికి ఏసమ్మ ఇక ఆగలేకపోయింది. మూడేళ్ళ కింద, పెళ్ళయిన వారానికి, రూతుని కోటిపల్లి అవతల అత్తారింటికి పడవెక్కించింది. ఎక్కిస్తూ ఈ ఆరు గాట్ల విత్తనాలే గుప్పెడు పిల్ల కొంగున కట్టింది. ఆ పూటే వరద ముంచుకొచ్చి పడవ తిరగబడింది. నలుగురి శవాలు దొరికాయి, రూతుది దొరకలేదు. అదే వరదకి ఏసమ్మ దొడ్డీ కొట్టుకుపోయింది. ఇంట్లో ఒక్క గింజ మిగల్లేదు. అల్లుడు ఏడాది చూసి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఏసమ్మ మాత్రం విత్తనాలు మార్చుకునే వంకన ఊరూరా, లంకలంకా తిరిగి ప్రతి దొడ్డీ చూస్తోంది.

"అందరూ పోయిందన్నారమ్మా. నేను ఒకటే మాట అన్నాను. నా పిల్ల ఏ గట్టున పడ్డా ముందు ఈ విత్తనం నాటుతుంది, ఆరు గాట్ల కాయ ఎక్కడ కనిపిస్తే నా రూతు అక్కడే ఉంటుంది అని." ఆమె లోవలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "నీకు పుణ్యముంటుంది, నిజం చెప్పు. వచ్చిందా ఇక్కడికి?"

లోవలక్ష్మి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "వచ్చిందండి. వరద తీసిన మర్నాడు. పచ్చ చీర."

"దేవునికి స్తోత్రం! నేను పెట్టిన చీరే!"

ఏసమ్మ గబుక్కున లేచింది. పిల్ల చూస్తే నవ్వుతుందని గడ్డం మీది రసం తుడుచుకుంది, చెదిరిన జుట్టు సర్దుకుంది. గుడిసె వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"రూతూ! అమ్మనే!"

గాలి లేదు. అవతల రెల్లు నిటారుగా నిలబడే ఉంది. ఏసమ్మ వెనకాల మడిలో మొక్కలు మాత్రం ఒక్కసారి కదిలాయి.

"పలకదేంటి? నా మీద అలిగిందా? ఊరూ పేరూ మీకు చెప్పనే లేదా?"

సత్తియ్య తల అడ్డంగా ఊపాడు. 

"పోనీ, ఈ విత్తనాలైనా తన చేత్తో మీకిచ్చిందా?"

"లేదండి," అంది లోవలక్ష్మి చాపంత మడి వైపు చూస్తూ.

"కొంగు ముడి విప్పకుండానే పూడ్చామండి."